రోడ్ బైక్‌కీ ట్రై బైక్‌కీ తేడా ఎలా పట్టుకోవాలి, ఉన్న సైకిల్‌ని ట్రయాథ్లాన్‌కి ఎలా సిద్ధం చేసుకోవాలి

ఒక గజం దారం, దాని చివర కట్టడానికి ఒక ఇనుప నట్టు. ఈ రెండూ ఉంటే చాలు, రోడ్ బైక్‌కీ ట్రయాథ్లాన్ బైక్‌కీ అసలు తేడా ఎక్కడుందో మీ కళ్లతో మీరే చూడొచ్చు. (ఇక్కడ బైక్ అంటే తొక్కే సైకిలే, మోటారుది కాదు. సైక్లింగ్ చేసేవాళ్లంతా అలాగే అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను. ఈత, సైకిల్, పరుగు వరసగా చేసే పోటీ ట్రయాథ్లాన్. దానికోసం చేసిన బైక్‌నే పొట్టిగా ట్రై బైక్ అంటారు.)

సైకిల్‌ని చదునైన నేల మీద నిటారుగా నిలబెట్టండి. సీటు ముక్కు కొన దగ్గర దారం పట్టుకుని నట్టుని కిందికి వదలండి. ఊగడం ఆగాక, పెడళ్లు తిరిగే ఇరుసు నడిమధ్యకీ ఆ దారానికీ మధ్య ఎంత దూరముందో స్కేలుతో కొలవండి. ఈ ఇరుసు ఉండే చోటునే బాటమ్ బ్రాకెట్ అంటారు. రోడ్ బైక్ అయితే దారం ఇరుసుకి వెనక, సాధారణంగా ఐదారు సెంటీమీటర్లో ఇంకొంచెం ఎక్కువో దూరంలో పడుతుంది. ట్రై బైక్ అయితే ఇరుసుకి బాగా దగ్గరగా పడుతుంది. ఒక్కోసారి సరిగ్గా ఇరుసు మీదే, కొందరికి ఇరుసు దాటి ముందుకి కూడా.

ట్రై బైక్ అనగానే అందరి చూపూ ముందు పొడుచుకొచ్చిన హ్యాండిల్ కొమ్ముల మీదికీ, వెడల్పాటి రిమ్ముల మీదికీ, కత్తి అంచులా పలచగా ఉండే ఫ్రేము గొట్టాల మీదికీ పోతుంది. కానీ ముందుగా చూడాల్సింది ఈ కొద్ది సెంటీమీటర్లనే. మిగతా తేడాల్లో చాలావరకు వీటి నుంచి పుట్టినవే.

ముందు కుర్చీలో కూర్చుని చూడండి

కొలత తీశారు కదా, ఇప్పుడు దాని అర్థం ఒంటికి తెలియాలి. ఒక మామూలు కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోండి. పాదాలు ముందుకి చాపి, అలాగే ఛాతీని తొడల మీదికి వంచండి. పొట్ట తొడలకి తగిలి నొక్కుకుంటుంది, ఊపిరి బిగపట్టినట్టవుతుంది. ఇప్పుడు కుర్చీ అంచుకి జరిగి, పాదాలు వెనక్కి, కుర్చీ కిందికి లాక్కోండి. మళ్లీ అంతే వంగండి. ఈసారి తొడకీ పొట్టకీ మధ్య ఖాళీ ఉంది. వీపు వంపు ఒకటే, తుంటి దగ్గర కోణం మాత్రం తెరుచుకుంది.

ట్రై బైక్ చేసే పని ఇదే. సీటు కింద గొట్టం రోడ్ బైక్‌లో సుమారు 72 నుంచి 74 డిగ్రీల వాలుతో ఉంటే, ట్రై బైక్‌లో 76 నుంచి 80 దాకా నిటారుగా ఉంటుంది. ఇరుసుని కేంద్రంగా పెట్టుకుని మనిషి మొత్తాన్ని ముందుకి తిప్పినట్టన్నమాట. నడుము, ఛాతీ, భుజాలు అన్నీ కలిసి ముందుకీ కిందికీ వస్తాయి, తొడా పొట్టా నలగవు.

ఇంతలా వంగడం దేనికంటే గాలి కోసం. చదును రోడ్డు మీద గంటకి ముప్ఫై, ముప్ఫై అయిదు కిలోమీటర్ల వేగంతో పోయేటప్పుడు మీ కాళ్ల బలంలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే ఖర్చవుతుంది. ఆ ఖర్చు వేగంతో సమానంగా పెరగదు, వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం 10 శాతం పెంచాలంటే గాలి కోసం పెట్టే శక్తి సుమారు 33 శాతం పెరగాలి. గాలికి అడ్డుపడేది కూడా సైకిల్ కన్నా మనిషి ఒళ్లే ఎక్కువ. కాబట్టి ఖరీదైన ఫ్రేము కన్నా మీరు మోచేతుల మీద వాలి, తల దించి, ఆ భంగిమలో ఎంతసేపు ఉండగలరన్నదే ముఖ్యం. "ఎంతసేపు" అన్న మాట గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

మీ రేసు నియమం చదవండి

కొనేముందు, మార్చేముందు చేయాల్సిన పని ఇది. చాలామంది చేయరు. ట్రయాథ్లాన్‌లో సైకిల్ భాగం రెండు రకాలు.

ఒకటి, ఒకరి వెనక ఒకరు నక్కకూడని రేసు. ముందున్నవాడి వెనక గాలి మరుగున తొక్కడాన్ని డ్రాఫ్టింగ్ అంటారు. మామూలు ఔత్సాహికులు పాల్గొనే రేసుల్లో ఎక్కువభాగం దాన్ని ఒప్పుకోవు. ఐరన్‌మ్యాన్ అనే దూరపు ట్రయాథ్లాన్ రేసుల్లో ఔత్సాహికులు ముందు సైకిల్‌కి 12 మీటర్ల దూరం పాటించాలి. అంటే 90 కిలోమీటర్లయినా 180 కిలోమీటర్లయినా గాలిని మీరొక్కరే ఎదుర్కోవాలి. ట్రై బైక్ పుట్టింది ఇలాంటి రేసు కోసమే.

రెండోది, గుంపుగా తొక్కనిచ్చే రేసు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ట్రయాథ్లాన్ ప్రవేశించినప్పటి నుంచి అక్కడ సాగుతున్నది ఇదే. ఇందులో ట్రై బైక్‌తో వస్తే అనుమతించరు. వంపు తిరిగిన హ్యాండిలున్న రోడ్ బైకే కావాలి. భుజం భుజం రాసుకునే గుంపులో ముందుకి పొడుచుకొచ్చిన కొమ్ములు, బ్రేకుకి దూరంగా ఉన్న చేతులు ప్రమాదం.

రోడ్ బైక్‌ని ఎందుకలా చేశారో కూడా ఇక్కడే తెలుస్తుంది. అది గుంపులో తొక్కడానికి, మలుపులో ఒరగడానికి, కొండ ఎక్కి దిగడానికి, ఉన్నట్టుండి బ్రేకు వేయడానికి చేసిన బండి. తక్కువ రకమేం కాదు. దాని పని వేరు, అంతే.

ఇంకో మాట. సైకిల్ పోటీల్లో ఒంటరిగా గడియారంతో పందెం వేసే టైమ్ ట్రయల్ బైకులు చూడ్డానికి ట్రై బైకుల్లాగే ఉంటాయి, కానీ రెండూ ఒకటి కావు. సీటు ముక్కు ఇరుసుకి కనీసం 5 సెంటీమీటర్లు వెనక ఉండాలన్నది ప్రపంచ సైక్లింగ్ సంఘం యూసీఐ ఏళ్ల తరబడి పట్టుబట్టిన నియమం. ఔత్సాహికుల ట్రయాథ్లాన్‌కి ఆ కట్టుబాటు లేదు. అందుకే పాత టైమ్ ట్రయల్ బైక్ దొరికితే ట్రై బైకే కదా అని కొనేయకుండా, సీటు ఎంత ముందుకి జరుగుతుందో దారం వేసి చూసుకోండి.

చేతులు ఎక్కడ, బ్రేకులు ఎక్కడ

రోడ్ బైక్‌లో గేర్ల మీట, బ్రేకు రెండూ ఒకే చోట ఉంటాయి. చెయ్యి ఎక్కడ పెట్టినా వేలు చాపితే బ్రేకు అందుతుంది. ట్రై బైక్ హ్యాండిల్‌లో రెండు భాగాలు. అడ్డంగా, చివర్లు ముందుకి తిరిగిన ఎద్దు కొమ్ముల్లాంటి కడ్డీ ఒకటి. దాన్ని బేస్ బార్ అంటారు, బ్రేకులు దాని చివర్లలో ఉంటాయి. దాని మీద నుంచి ముందుకి సాగిన రెండు కడ్డీలు, మోచేతులు ఆనించే మెత్తలు ఇంకొకటి. వీటిని ఏరోబార్లంటారు. గేర్ల మీటలు వీటి కొసల్లో ఉంటాయి. ఎలక్ట్రానిక్ గేర్లున్నవాటిలో బేస్ బార్ దగ్గర కూడా బటన్లు పెట్టుకోవచ్చు. దీనివల్ల ఎంత సుఖమో ఎత్తు ఎక్కేటప్పుడు తెలుస్తుంది.

ఏరోబార్ల మీద పడుకున్నప్పుడు వేళ్ల దగ్గర బ్రేకు లేదు. ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవండి. నేను మొదటిసారి ట్రై బైక్ మీద రోడ్డెక్కిన రోజు ఎదురుగా గుంత కనపడింది. ఏళ్ల అలవాటు కొద్దీ వేళ్లు బ్రేకు కోసం మూసుకున్నాయి. అక్కడున్నది గేరు మీట. చైను ఒక పల్లెం దిగి టక్కుమంది, బండి వేగం మాత్రం తగ్గలేదు. ఒక మోచెయ్యి ఎత్తి, బేస్ బార్ పట్టుకుని, రెండోది పట్టుకుని, బ్రేకు నొక్కేలోపు గుంత మీదికి వెళ్లిపోయాను. టైరు పగలడంతో పోయింది. అప్పటి నుంచి జంక్షను, మనుషులు, పిల్లలు, గతుకులు, ముందు సైకిలు ఏది కనపడినా ముందుగానే చేతులు బేస్ బార్ మీదికి తెచ్చుకుంటాను. మీరూ మొదటిరోజు నుంచే అలా చేయండి.

ఏది కావాలో తేల్చుకోండి

మొదటి ట్రయాథ్లాన్ 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు ఉండే స్ప్రింట్ అయితే, ఉన్న రోడ్ బైక్‌తో ఏమీ మార్చకుండా వెళ్లండి. టైర్లలో గాలి సరిచూసుకుంటే చాలు.

40 కిలోమీటర్ల సైకిల్ ఉండే ఒలింపిక్ దూరానికి రోడ్ బైక్‌కి ఏరోబార్లు బిగించుకోవడం మంచి దారి. వీటిని క్లిప్ ఆన్ బార్లంటారు. పెట్టిన డబ్బుకి ఇంత వేగం ఇచ్చే వస్తువు ఇంకోటి లేదని నా నమ్మకం. 90 కిలోమీటర్లో 180 కిలోమీటర్లో చదును దారిలో తొక్కే రేసులు ఏటా చేసేవాళ్లు, వారంలో రెండు మూడు రోజులు ఒంటరిగా సాధన చేసేవాళ్లు అయితేనే ట్రై బైక్ గురించి ఆలోచించండి. ఇంట్లో ఒకటే సైకిల్ ఉంటుంది, దాంతోనే స్నేహితులతో గుంపుగా తొక్కాలి, ఘాట్ రోడ్లు ఎక్కాలి అంటే రోడ్ బైకే ఉంచుకోండి. ట్రై బైక్‌తో గుంపులో తొక్కడం మీకూ పక్కవాళ్లకీ మంచిది కాదు.

రోడ్ బైక్‌ని మార్చే వరుస

చాలామంది ఏరోబార్లు తెచ్చి, హ్యాండిల్ మీద బిగించి, ఇక అయిపోయింది అనుకుంటారు. నేనూ అదే చేశాను. సీటు జరపలేదు. రేసులో గంటన్నర అలా వంగి తొక్కి దిగేసరికి తుంటి ముందు భాగం పట్టేసింది. పరుగు మొదటి రెండు కిలోమీటర్లు అడుగు సాగలేదు. తప్పు బార్లది కాదు. కూర్చున్న చోటు రోడ్ బైక్‌ది, వంగిన తీరు ట్రై బైక్‌ది. రెండిటికీ పొసగలేదు.

ఇది ట్రయాథ్లాన్ తొలినాళ్ల సమస్య. 1987లో బూన్ లెనన్ రూపొందించిన ఏరోబార్లని స్కాట్ కంపెనీ అమ్మకానికి తెచ్చింది. 1989 టూర్ డి ఫ్రాన్స్ చివరిరోజు టైమ్ ట్రయల్‌లో గ్రెగ్ లెమాండ్ వాటితో తొక్కి, మొత్తం రేసుని 8 సెకన్ల తేడాతో గెలవడంతో లోకానికి తెలిశాయి. ట్రయాథ్లాన్ వాళ్లు అప్పటికే వాడుతున్నారు. మామూలు రోడ్ బైక్ మీద ఆ బార్లు పెట్టుకున్నవాళ్లు తమకు తెలియకుండానే సీటు ముక్కు కొసకి జారి కూర్చునేవారు. ఒళ్లు ముందుకి రావాలని కోరుతోందని గ్రహించిన డాన్ ఎంప్‌ఫీల్డ్, అదే 1989లో క్వింటానా రూ పేరుతో సీటు గొట్టాన్ని నిటారుగా పెట్టిన ట్రయాథ్లాన్ బైక్‌ని తెచ్చాడు. మీరు తొక్కుతూ తొక్కుతూ సీటు ముక్కుకి జారుతున్నారంటే, మీ ఒళ్లు కూడా అదే చెబుతోంది.

కాబట్టి వరుస ఇలా పెట్టుకోండి.

ఏదీ విప్పకముందు ఇప్పుడున్న కొలతలు రాసుకోండి. ఇరుసు నడిమధ్య నుంచి సీటు పైదాకా ఎత్తు, దారం ఇరుసుకి ఎంత వెనక పడింది, సీటు ముక్కు నుంచి హ్యాండిల్ దాకా దూరం. ఈ మూడూ ఉంటే ఎప్పుడైనా వెనక్కి రావచ్చు.

తర్వాత సీటు. కింద బోల్టు వదులు చేసి పట్టాల మీద ముందుకి జరపండి. పట్టాల మీద గీతలుంటాయి, వాటిని దాటించకండి. సీటుని మోసే కడ్డీ, అంటే సీటు పోస్టు, తల వెనక్కి వంగి ఉన్న రకమైతే, నిటారుగా ఉన్న పోస్టు మార్చుకుంటే మరికొంత ముందుకి వస్తుంది. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. సీటు ముందుకి జరిగితే ఇరుసుకి దగ్గరవుతుంది, అంటే మీకు సీటు దిగినట్టే. ప్రతి సెంటీమీటరు ముందుకి జరిపినందుకు సుమారు 3 మిల్లీమీటర్లు పైకెత్తండి. 3 సెంటీమీటర్లు జరిపితే దాదాపు ఒక సెంటీమీటరు ఎత్తాలి. ఇది మరిచిపోయి మోకాలి ముందు నొప్పి తెచ్చుకున్నవాళ్లని చూశాను. పోస్టు ఎత్తేటప్పుడు దాని మీద రాసిన కనీస లోతు గీత బయటికి రాకూడదు.

ఆ తర్వాతే ఏరోబార్లు. మీ హ్యాండిల్ కార్బన్‌ది అయితే దానికి క్లిప్ ఆన్ బార్లు బిగించొచ్చో లేదో తయారీదారు సూచనల్లో చూడండి. కొన్నిటికి కూడదు. బోల్టు పక్కన న్యూటన్ మీటర్ల అంకె ఉంటుంది. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచితో అంతవరకే బిగించండి, చేతి అంచనా వద్దు.

మెత్తల్ని మొదట ఎత్తులోనే పెట్టండి. ఫొటోల్లో చూసినట్టు కిందికి దించాలనిపిస్తుంది, ఆగండి. మోచెయ్యి దగ్గర కోణం తొంభై డిగ్రీలు, కాస్త ఎక్కువ ఉండాలి. పక్క నుంచి ఫొటో తీయించుకుంటే మోచెయ్యి భుజం కిందుగా కనపడాలి. బరువు ఎముకల మీద ఆనాలి, భుజం కండలు పట్టి ఉంచాల్సిన పని ఉండకూడదు. చేతులు మరీ ముందుకి చాచాల్సి వస్తుంటే, హ్యాండిల్‌ని ఫోర్కుకి కలిపే స్టెమ్ పొట్టిది వేసుకోండి.

ఇక సీటు రకం. ముందుకి ఒరిగి కూర్చుంటే బరువు పిరుదుల ఎముకల మీద నుంచి జననాంగాల దగ్గరి మెత్తటి భాగం మీదికి వస్తుంది. తిమ్మిరెక్కితే ఓర్చుకోకండి, అది నరాలూ రక్తనాళాలూ నొక్కుకుంటున్న గుర్తు. ముక్కు పొట్టిగా, మధ్యలో చీలి రెండు పాయలుగా ఉండే సీట్లు ఇందుకోసమే చేశారు. ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఇద్దరికీ ఇది వర్తిస్తుంది. ఈ విషయం మాట్లాడటానికి మొహమాటపడి సైకిల్ మానేసినవాళ్లున్నారు, అందుకే ఇంత సూటిగా రాస్తున్నాను.

ఇంత చేసినా రోడ్ బైక్ పూర్తిగా ట్రై బైక్ కాదు. బరువు ముందు చక్రం మీదికి జరిగింది, ఫ్రేము మాత్రం దానికోసం చేసింది కాదు. అందుకే వేగంగా దిగేటప్పుడు ముందు భాగం బెదురుతున్నట్టు అనిపిస్తుంది. ట్రై బైక్‌లో ముందు చక్రాన్ని ఇరుసుకి ఇంకా దూరంగా పెట్టి, తిన్నగా పోయేలా చేస్తారు. సన్నటి మలుపులో అది మొండికేసేదీ అందుకే.

భంగిమని ఒంటికి అలవాటు చేయడం

"ఎంతసేపు" అన్న మాట దగ్గరికి వచ్చాం. ఎంత కిందికి వంగినా, పది నిమిషాలకోసారి లేచి నడుం సాగదీస్తుంటే ఆ లాభమంతా గాలికే పోతుంది. కాస్త ఎత్తుగా ఉన్నా గంటసేపు కదలకుండా ఉండగలిగే భంగిమే వేగమైన భంగిమ.

మొదటి రెండు వారాలు వెనక చక్రాన్ని ట్రెయినర్ అనే స్టాండుకి బిగించి ఇంట్లోనే తొక్కండి. ఐదు నిమిషాలు మోచేతుల మీద, రెండు నిమిషాలు లేచి, మళ్లీ ఐదు. మెల్లగా ఐదుని ఇరవైకి తెచ్చుకోండి. మెడ వెనక పట్టేస్తే తల మరీ ఎత్తుతున్నారని అర్థం. చూపు పైకి తిప్పండి, తల కాదు. భుజాలు చెవుల వైపు ముడిచి తలని వాటి మధ్యకి దించడం కూడా సాధన చేయండి.

తర్వాత తిన్నటి, ఖాళీ రోడ్డు. రోడ్డు పక్క తెల్లగీత పక్కనే కిలోమీటరు దూరం ఒరగకుండా పోగలగాలి. ఆ తర్వాత ఒక చెయ్యి తీసి, రెండు ఏరోబార్ల మధ్య పెట్టుకున్న బాటిల్ అందుకుని తాగాలి. ఆ తర్వాత బేస్ బార్ (రోడ్ బైక్ అయితే మామూలు హ్యాండిల్) మీదికి వచ్చి, భుజం మీదుగా వెనక్కి చూసి, గీత వదలకుండా మళ్లీ ఏరోబార్ల మీదికి వెళ్లాలి. ఈ మూడూ వచ్చేదాకా వాహనాలు తిరిగే రోడ్డు మీద మోచేతులు ఆనించకండి.

వారానికి ఒక్కసారైనా సైకిల్ దిగీదిగగానే బూట్లు మార్చుకుని ఇరవై నిమిషాలు పరుగెత్తండి. మీ సీటు సరిగ్గా ఉందో లేదో చెప్పే పరీక్ష ఇదే. అడుగు బిగిసిపోతుంటే సీటుని ఇంకో అర సెంటీమీటరు ముందుకి జరపండి, లేదా మెత్తల్ని పైకెత్తండి. ఒకసారి ఒక్కటే మార్చండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు.

ట్రై బైకే కొనాలనుకుంటే

సైజు పేరు చూసి కొనకండి. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ లార్జ్‌కి సమానం కావచ్చు. స్టాక్, రీచ్ అన్న రెండు కొలతలు అడగండి. ఇరుసు నడిమధ్య నుంచి హ్యాండిల్ గొట్టం పైకొసకి నిలువు దూరం స్టాక్, అడ్డం దూరం రీచ్. రోడ్ బైక్ మీద కుదిరిన మోచేతి మెత్తల ఎత్తు, దూరం మీ దగ్గర రాసి ఉంటే, ఈ కొత్త బండి మీద ఆ చోటికి మెత్తల్ని తేవచ్చా లేదా అన్నదొక్కటే ప్రశ్న. రాకపోతే ఎంత అందమైన బండైనా మీది కాదు.

బ్రేకు తీగలు, గేరు తీగలు పూర్తిగా హ్యాండిల్ లోపల దాచిన మోడళ్లు గాలికి మంచివే. కానీ మెత్తల ఎత్తు మార్చాలన్నా, విప్పి పెట్టెలో సర్దాలన్నా చాలా పని. తరచూ ప్రయాణం చేసి రేసులాడేవాళ్లు ఇది చూసుకోండి. ముందు చక్రానికి, పక్క నుంచి చూస్తే మరీ వెడల్పుగా కనపడే రిమ్ములు తీసుకోకండి, పక్కగాలికి హ్యాండిల్‌ని లాగేస్తాయి. వెనక చక్రానికి ఆ భయం తక్కువ. పెడల్‌ని ఇరుసుకి కలిపే కడ్డీ, అంటే క్రాంకు, 165 మిల్లీమీటర్లో ఇంకా పొట్టిదో దొరికితే మంచిది, పెడల్ పైకి వచ్చినప్పుడు మోకాలు అంత పైకి లేవదు, పొట్ట దగ్గర చోటు మిగులుతుంది.

బండి ఇంటికొచ్చి వంద కిలోమీటర్లు తొక్కాక సీటు, మెత్తలు, స్టెమ్ బోల్టులన్నిటినీ టార్క్ రెంచితో మళ్లీ ఒకసారి చూసుకోండి. దారానికి నట్టు కట్టి మళ్లీ వేలాడదీయండి. సీటు పట్టాల మీద రెండు మిల్లీమీటర్లు వెనక్కి జారినా అక్కడ కనపడుతుంది. జారిందంటే బోల్టు చాలినంత బిగియలేదన్నమాట. పాత అంకెకి తెచ్చి బిగించి, పోస్టు మీదా సీటు పట్టా మీదా టేపు ముక్క అంటించి గీత గీసుకోండి.